ఏడాది పొడవునా వచ్చే పండుగల పట్టికను ముందుగా తయారు చేయడం ఎలా? తేదీలు ఎందుకు మారుతుంటాయి?

ప్రశ్న అడిగినవారు: మొగల్రాజపురం కార్యదర్శి, విజయవాడ

సభ్యులందరికీ నమస్కారం. మొగల్రాజపురంలో 42 కుటుంబాలు నివసించే ఒక అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిని. డిసెంబరు రాగానే రాబోయే సంవత్సరపు పండుగల పట్టికను తయారు చేసి లిఫ్టు పక్కనున్న నోటీసు బోర్డు మీద పెట్టడం మా సంఘంలో చాలాకాలంగా ఆనవాయితీగా వస్తోంది. ఆ పట్టికను చూసుకునే షామియానాకు, వంటవాళ్లకు, పువ్వులకు బయానా ఇస్తాము. మేడ మీది హాలును ఏ రోజు ఎవరికి కేటాయించాలో కూడా దానిని బట్టే నిర్ణయిస్తాము. మా భవనంలో హిందువులతో పాటు ఆరు ముస్లిం కుటుంబాలు, ఎనిమిది క్రైస్తవ కుటుంబాలు, వన్‌టౌన్‌లో వ్యాపారం చేసుకునే రెండు జైన కుటుంబాలు, ఒక సిక్కు కుటుంబం ఉన్నాయి.

2025 సంవత్సరపు పట్టికను నేనే వేశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది రంజాన్ పండుగ. ఫోనులో ఏదో ఒకచోట చూసి మార్చి 30 అని వేశాను. ఆ రోజే ఉగాది కూడా కావడంతో రెండు పండుగలకూ కలిపి మధ్యాహ్నం ఒకే విందు ఏర్పాటు చేశాము. తీరా చూస్తే రెండో అంతస్తులోని వారు ఆ రోజు ఇంకా ఉపవాసంలోనే ఉన్నారు; వారి పండుగ మార్చి 31న వచ్చింది. వారు ఒక్క మాటైనా అనలేదు, ఇఫ్తార్ అయిన తరువాత స్వయంగా కిందికి వచ్చి మిఠాయి తీసుకుని వెళ్లారు. అయినా ఉపవాసంలో ఉన్నవారి ముందు విస్తళ్లు వేసినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉన్నది. రెండవది దీపావళి. అక్టోబరు 21న సూర్యోదయానికి అమావాస్య ఉన్నది కదా అని ఆ తేదీ వేశాను. ఊరంతా 20వ తేదీ సాయంత్రమే దీపాలు పెట్టింది.

2026 పట్టికలో అటువంటి పొరపాటు జరగకూడదని నా కోరిక. సంక్రాంతి ప్రతి ఏటా జనవరి 14న గానీ 15న గానీ వస్తుంటే, ఉగాది, దసరా మాత్రం పదిహేను, ఇరవై రోజులు ముందుకూ వెనక్కూ ఎందుకు జరుగుతాయి? రంజాన్ అయితే ఏటేటా వెనక్కే వెళుతుంది, అది ఎందువల్ల? ఏడాది ముందుగా నమ్మకంగా వేయదగిన తేదీలు ఏవి, వేచి చూడవలసినవి ఏవి? తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

సమాధానం 1: సత్యనారాయణపురం, విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు

కార్యదర్శి గారూ, మీ దీపావళి పొరపాటుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు విషయమంతా అందులోనే ఉన్నది. మన పండుగల్లో చాలావాటికి ఆధారం తిథి. చంద్రుడు సూర్యుని నుంచి 12 డిగ్రీల దూరం జరగడానికి పట్టే కాలమే ఒక తిథి. చంద్రుని వేగం ఎల్లప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి ఒక తిథి 19 గంటలలో ముగియవచ్చు, 26 గంటల వరకూ సాగవచ్చు. అది మధ్యాహ్నం మొదలుకావచ్చు, అర్ధరాత్రి మొదలుకావచ్చు. మన క్యాలెండరులోని తేదీ మాత్రం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకే. ఈ రెండూ కలవవు. అందువల్ల ఒక తిథి రెండు తేదీలలో పరుచుకున్నప్పుడు, పండుగ ఏ తేదీన చేయాలనే ప్రశ్న తప్పనిసరిగా పుడుతుంది.

ఆ ప్రశ్నకు ధర్మశాస్త్రకారులు ఇచ్చిన సమాధానం ఎంతో సహేతుకంగా ఉంటుంది: ఆ పండుగలోని ముఖ్యమైన కార్యం ఏ వేళ జరుగుతుందో, ఆ వేళకు తిథి ఉండాలి. శ్రీరామనవమికి మధ్యాహ్నం నవమి ఉండాలి, ఎందుకంటే రాముడు పుట్టినది మధ్యాహ్న వేళ. వినాయక చవితికీ మధ్యాహ్నమే ప్రధానం. కృష్ణాష్టమికి, మహాశివరాత్రికి అర్ధరాత్రి వేళను చూస్తారు. దీపావళికి సూర్యాస్తమయం తరువాతి ప్రదోషకాలం ముఖ్యం, దీపాలు పెట్టేది అప్పుడే కదా. 2025లో అమావాస్య అక్టోబరు 20 మధ్యాహ్నం దాటాక ప్రవేశించింది. 21వ తేదీ సాయంత్రం మన ఊళ్లో దీపాలు పెట్టే వేళకు పాడ్యమి వచ్చేసింది. అందుకే 20వ తేదీ సరైనదయింది. మీరు సూర్యోదయాన్ని చూశారు. ఆ పండుగకు చూడవలసినది సూర్యాస్తమయం. తప్పు లెక్కలో లేదు, వేళలో ఉన్నది.

సూర్యోదయ నియమం ఉగాదికి వర్తిస్తుంది. అయితే 2026 ఉగాది విషయంలో దానికీ ఒక చిక్కు వచ్చింది. మార్చి 19న సూర్యోదయానికి అమావాస్యే ఉంటుంది. దృక్ గణితం, అంటే ఆకాశంలో సూర్యచంద్రుల అసలు స్థానాలను బట్టి చేసే లెక్క ప్రకారం ఉదయం సుమారు 6 గంటల 50 నిమిషాలకు పాడ్యమి ప్రవేశించి, మరునాడు తెల్లవారక ముందే ముగుస్తుంది. అంటే ఆ పాడ్యమికి ఏ సూర్యోదయమూ దక్కదు. దీనినే తిథి క్షయం అంటారు. సూర్యోదయ నియమాన్ని అక్షరాలా పట్టుకుంటే ఆ ఏడాది ఉగాదే ఉండదు! అటువంటప్పుడు పాడ్యమి ఏ పగటిలో ఉన్నదో ఆ రోజునే గ్రహించాలి కాబట్టి, పరాభవ నామ సంవత్సర ఉగాది మార్చి 19, గురువారం అవుతుంది. దీనిని ఎవరైనా ప్రశ్నిస్తే ఈ కారణం చెప్పండి.

ఇక సంక్రాంతి సంగతి. అది తిథిని బట్టి వచ్చే పండుగ కాదు. సూర్యుడు మకర రాశిలో ప్రవేశించే రోజు. మన క్యాలెండరు కూడా సూర్యుని ఆధారంగానే నడుస్తుంది కాబట్టి ఆ రెండూ దాదాపు కలిసి నడుస్తాయి. దాదాపు అన్నాను, ఎందుకంటే నక్షత్రాలను బట్టి లెక్కించే మన సౌర సంవత్సరం, ఋతువులను బట్టి లెక్కించే ఇంగ్లీషు సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు పెద్దది. ఆ 20 నిమిషాలు పోగుపడి 70 ఏళ్లకు పైగా గడిచేసరికి ఒక రోజు అవుతుంది. స్వామి వివేకానంద 1863 జనవరి 12న జన్మించారు. ఆ రోజు మకర సంక్రాంతి. అదే పండుగ 2024లో జనవరి 15న, 2025లో జనవరి 14న వచ్చింది. మన మనుమల మనుమలు దానిని 16న చేసుకుంటారు.

ఉగాది, దసరా ఇంతగా జరగడానికి కారణం అధిక మాసం. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే అవుతాయి. సౌర సంవత్సరం కంటే 11 రోజులు తక్కువ. ఈ లోటును అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు ఉగాది సంక్రాంతి కంటే ముందుకు వచ్చి, మామిడి పూత కూడా లేని రోజుల్లో ఉగాది పచ్చడి చేసుకోవలసి వస్తుంది. అందుకే సుమారు 32, 33 నెలలకు ఒకసారి ఒక నెలను అదనంగా కలుపుతారు. ఏ నెల అన్నది ఎవరి ఇష్టమూ కాదు: ఏ చాంద్రమాసంలో సూర్యుడు రాశి మారడో అదే అధిక మాసం. 2023లో అధిక శ్రావణం వచ్చింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. దాని ఫలితం ఆ తరువాతి పండుగలన్నింటి మీదా పడుతుంది. 2025లో ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి 2026లో సెప్టెంబరు 14న వస్తుంది. అక్టోబరు 2న వచ్చిన విజయదశమి అక్టోబరు 20కి, అక్టోబరు 20న వచ్చిన దీపావళి నవంబరు 8కి జరుగుతాయి. మీ వంటవాళ్లకు ఈ సంగతి ఇప్పుడే చెప్పండి, లేకపోతే వారు పాత అలవాటు కొద్దీ ఆగస్టు చివరి వారానికి సిద్ధపడతారు.

చివరిగా ఒక మాట. దృక్ పద్ధతిని అనుసరించే పంచాంగాలకు, పాత గ్రంథాల సూత్రాలతో లెక్కించే పూర్వ సిద్ధాంతాన్ని అనుసరించే పంచాంగాలకు తిథి ముగింపు వేళల్లో కొన్ని గంటల తేడా ఉంటుంది. తిథి సరిహద్దు సరిగ్గా ఆ వేళకు పడినప్పుడు రెండు ఇళ్లలో రెండు తేదీలు రావడం సహజం. పట్టిక అడుగున మీరు ఏ పంచాంగాన్ని అనుసరించారో ఒక్క వాక్యం రాస్తే సగం వాదనలు ఆగిపోతాయి.

సమాధానం 2: ఆనందపేట నివాసి, గుంటూరు

అస్సలాము అలైకుమ్, నమస్కారం. కార్యదర్శి గారూ, ఉపవాసం రోజు జరిగినదానికి మీరు ఇంతగా బాధపడుతున్నారంటే, ఆ రెండో అంతస్తు వారు ఎందుకు ఒక్క మాటా అనలేదో నాకు అర్థమవుతున్నది.

మాస్టారు గారు చెప్పిన 354 రోజుల లెక్కే మాది కూడా. తేడా ఒక్కటే: మా హిజ్రీ సంవత్సరంలో అధిక మాసం లేదు. 11 రోజుల లోటును మేము పూరించము. అందువల్ల రంజాన్ ప్రతి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. నా చిన్నతనంలో మే నెలలో, గుంటూరు ఎండల్లో మంచినీళ్లు ముట్టకుండా ఉపవాసం ఉన్న రోజులు నాకు గుర్తున్నాయి. కొన్నేళ్లకు అదే ఉపవాసం డిసెంబరు చలిలో వచ్చింది. పొద్దు త్వరగా గూకేది కాబట్టి పిల్లలు కూడా సంతోషంగా ఉండేవారు.

మా నాన్నగారికి పట్నం బజారులో బట్టల దుకాణం ఉండేది. ఆయన ఒక మాట అంటుండేవారు: ఉగాది బేరము, రంజాన్ బేరము రెండు మూడేళ్లు చేయి పట్టుకుని నడుస్తాయి, తరువాత ఒక నెల దూరం విడిపోతాయి అని. ఆయన దాని కారణం చెప్పగా నేను వినలేదు. ఈరోజు మాస్టారు గారి సమాధానం చదివాక నాకు అది తెలిసింది. చూడండి, 2024లో ఉగాది ఏప్రిల్ 9న, రంజాన్ పండుగ ఏప్రిల్ 11న వచ్చాయి. 2025లో మార్చి 30, మార్చి 31. 2026లో ఉగాది మార్చి 19న అయితే, మా పండుగ మార్చి 20న గానీ 21న గానీ ఉండాలి. రెండు నెలలూ అమావాస్య తరువాతే మొదలవుతాయి కాబట్టి వరుసగా మూడేళ్లు పక్కపక్కనే నడిచాయి. 2023లో మాత్రం ఉగాది మార్చి 22న, రంజాన్ పండుగ ఏప్రిల్ 22న, సరిగ్గా నెల తేడాతో వచ్చాయి. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చి రెండింటినీ దగ్గర చేసింది. ఇప్పుడు అధిక జ్యేష్ఠం వచ్చి మళ్లీ విడదీస్తుంది: 2027లో ఉగాది ఏప్రిల్ 7న, మా పండుగ మార్చి 10 ప్రాంతంలో వస్తాయి. నాన్నగారు ఉండి ఉంటే ఈ లెక్క ఆయనకు చూపించేవాడిని.

మీ పట్టికకు పనికివచ్చే విషయం ఇది. మాకు నెల మొదలయ్యేది గణితంతో కాదు, సాయంత్రం నెలవంక కంటికి కనిపించడంతో. 29వ రోజు సాయంత్రం కనిపిస్తే మరునాడే కొత్త నెల. కనిపించకపోతే 30 రోజులు పూర్తి చేస్తాము. అరబ్ దేశాలలో మనకంటే ఒక రోజు ముందుగా కనిపించడం తరచుగా జరుగుతుంది. 2025లో అక్కడ పండుగ మార్చి 30న జరిగింది, మీరు ఫోనులో చూసినది బహుశా ఆ తేదీయే. అయితే ఈ అనిశ్చితి అన్ని పండుగలకూ ఒకేలా ఉండదు. రంజాన్ పండుగ నెల మొదటి రోజునే వస్తుంది కాబట్టి ముందు రాత్రి వరకు తెలియదు. బక్రీద్ జుల్‌హిజ్జా నెల పదవ రోజు, మిలాద్ రబీ ఉల్ అవ్వల్ పన్నెండవ రోజు. వీటికి నెలవంక కనిపించిన తరువాత తొమ్మిది పది రోజుల వ్యవధి ఉంటుంది, మీ షామియానాకు అది చాలు. కనుక పట్టికలో రంజాన్‌కు రెండు తేదీలు వేసి, నెలవంకను బట్టి అని రాయండి. విందు ఏదైనా ఉంటే పండుగ మరునాటికి పెట్టుకోండి.

మరొక విన్నపం. చాలా పట్టికల్లో మొహర్రం ఎదురుగా శుభాకాంక్షలు అని రాస్తున్నారు. మొహర్రం పదవ రోజు కర్బలాలో ఇమామ్ హుస్సేన్ అమరులైన రోజు. అది శోకదినం. మన పల్నాడు, గుంటూరు పల్లెల్లో దానిని పీర్ల పండుగ అంటారు, పీర్లను ఎత్తుకునేవారిలో హిందువులే ఎక్కువగా ఉండే ఊళ్లు కూడా ఉన్నాయి. నెల్లూరులో రొట్టెల పండుగ ఆ రోజుల్లోనే జరుగుతుంది. పండుగ అన్న మాట నిలవనివ్వండి, శుభాకాంక్షలు మాత్రం వద్దు.

మొగల్రాజపురం కార్యదర్శి

మీ ఇద్దరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఉగాది, రంజాన్ కలిసి నడిచి విడిపోయే సంగతిని మా రెండో అంతస్తు పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన కాగితం తెప్పించుకుని 2023 నుంచి తేదీలన్నీ స్వయంగా రాసుకున్నారు. ఇంకొక సందేహం. 2025లో దుర్గమ్మ దసరా ఉత్సవాలు పదకొండు రోజులు జరిగాయి. నవరాత్రులంటే తొమ్మిది, దశమితో పది కదా. మా మహిళలు ప్రతిసారీ మూలా నక్షత్రం రోజున కొండకు వెళతారు; ఆ రోజు కూడా ఒకసారి ఏడవ రోజు, ఒకసారి ఎనిమిదవ రోజు వస్తున్నది. దీనిని ఎలా తెలుసుకోవాలి?

సమాధానం 3: కృష్ణలంక గృహిణి

మేము కొండ కిందే ఉంటాము కాబట్టి దసరా మా ఇంటి పండుగ కంటే ఎక్కువ. 2025లో సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 వరకు ఉత్సవాలు జరిగాయి. ఒక తిథి రెండు సూర్యోదయాలకూ ఉండటంతో ఒక రోజు పెరిగింది. మాస్టారు గారు ఉగాదికి చెప్పిన క్షయానికి ఇది సరిగ్గా ఎదురు, దీనిని వృద్ధి అంటారు. రోజు పెరిగినప్పుడు అమ్మవారికి ఆ రోజు ఏ అలంకారం చేయాలనే ప్రశ్న వస్తుంది. ఆ ఏడాది కాత్యాయనీ దేవి అలంకారాన్ని చేర్చారు.

మూలా నక్షత్రం విషయం వేరు. మిగిలిన అలంకారాలు తిథిని అనుసరిస్తే, సరస్వతీ దేవి అలంకారం చంద్రుడు మూలా నక్షత్రంలో ఉండే రోజును అనుసరిస్తుంది. నక్షత్రం లెక్క, తిథి లెక్క వేర్వేరు కాబట్టి అది కచ్చితంగా ఏడవ రోజే రావాలన్న నియమం లేదు. 2024లో అది అక్టోబరు 9న, అంటే ఏడవ రోజు. 2025లో సెప్టెంబరు 29న, ఎనిమిదవ రోజు. అమ్మవారికి రాష్ట్ర ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పించేది కూడా ఆ రోజే. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించేవారు, పరీక్షలు రాయబోయే విద్యార్థులు అర్ధరాత్రి నుంచే వరుసల్లో నిలబడతారు. మీ భవనంలోని మహిళలు, వృద్ధులు తోడు ఉంటే గనుక ఆ రోజు కాకుండా దాని ముందు రోజో, మరునాడో వెళ్లమని నేను చేతులు జోడించి కోరుతున్నాను. దర్శనం కోసం ఆరేడు గంటలు నిలబడలేక వరుసలోనే కూలబడిన పెద్దవారిని నేను చూశాను. ఆ తల్లి సరస్వతిగా దర్శనమిచ్చినా, అన్నపూర్ణగా దర్శనమిచ్చినా ఒకే తల్లి.

ఒక చిన్న కోరిక. దసరా అనగానే కొండ మీది పది రోజులే రాస్తారు. ఆషాఢంలో ఆకుకూరలతో, కాయగూరలతో అమ్మవారిని అలంకరించే శాకంబరి ఉత్సవాలను, మహిళలు బృందాలుగా వెళ్లి సమర్పించే ఆషాఢ సారెను, విజయదశమి సాయంత్రం కృష్ణలో జరిగే హంస వాహన తెప్పోత్సవాన్ని కూడా పట్టికలో చేర్చండి. బెజవాడలో ఉండి అవి తెలియకపోతే ఎలా?

సమాధానం 4: ఒక ప్రభుత్వోద్యోగి, విజయవాడ

ఇంత చర్చ అవసరమా అన్నది నా అభిప్రాయం. ప్రభుత్వం ఏటా సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవులు అని రెండు జాబితాలు ప్రకటిస్తుంది. ఆ తేదీలనే పట్టికలో వేస్తే ఎవరూ తప్పు పట్టలేరు. ఏ పంచాంగం, ఏ నెలవంక అని సంఘం కార్యదర్శి తీర్పు చెప్పవలసిన పని లేదు.

సత్యనారాయణపురం, విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు

అయ్యా, మీ మాటలో న్యాయం ఉన్నది, కానీ సెలవు వేరు, పండుగ వేరు. సెలవుల జాబితా కార్యాలయం ఏ రోజు మూసివుంటుందో చెబుతుంది. నెలవంకను బట్టి ఆ సెలవు తేదీని కూడా ప్రభుత్వం తరువాత మార్చడం మనం చూస్తూనే ఉన్నాము. పైగా ఆదివారం నాడు వచ్చిన పండుగకు ఉద్యోగి దృష్టిలో ప్రత్యేకంగా సెలవే ఉండదు. 2026 మహాశివరాత్రి ఫిబ్రవరి 15, ఆదివారం. అంతమాత్రాన ఆ రాత్రి కోటప్పకొండకు ప్రభలు కట్టుకుని వెళ్లేవారు ఆగుతారా? కార్యదర్శి గారు కోరుతున్నది ఇరుగుపొరుగు ఇంట్లో ఏ రోజు ఏమి జరుగుతుందో తెలుసుకోవడం. ఆ సమాచారం ఆ ఇంటివారి దగ్గరే దొరుకుతుంది.

సమాధానం 5: గుణదల నివాసి

మా పండుగల తేదీలు స్థిరమైనవని చాలామంది అనుకుంటారు. క్రిస్మస్ డిసెంబరు 25, అందులో సందేహం లేదు; అయితే మన ప్రాంతంలో డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ పేరుతో సంఘాలు, కార్యాలయాలు వేడుకలు జరుపుతాయి కాబట్టి మీ హాలుకు ఆ నెలంతా గిరాకీ ఉంటుంది. మా గుణదల మేరీమాత ఉత్సవాలు కూడా ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లోనే జరుగుతాయి. ఫ్రాన్సులోని లూర్దు గుహలో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే బాలికకు మరియమాత మొదటిసారి దర్శనమిచ్చినదన్న విశ్వాసమే ఆ తేదీకి మూలం. ఆ మూడు రోజులు కొండ మెట్ల మీద అన్ని మతాలవారూ కనిపిస్తారు. తలనీలాలు ఇచ్చేవారు, కొబ్బరికాయ కొట్టేవారు, కొవ్వొత్తి వెలిగించేవారు పక్కపక్కనే నిలబడతారు. ఏలూరు రోడ్డు వైపు రాకపోకలు కష్టమవుతాయి కాబట్టి ఆ రోజుల్లో మీ సంఘం ఏ కార్యక్రమమూ పెట్టుకోకపోవడం మంచిది.

ఈస్టర్ మాత్రం చంద్రునితోనే నడుస్తుంది. మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టర్. చర్చి లెక్కలో పౌర్ణమి పట్టికల ప్రకారం ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి మీరు ఎన్నేళ్ల ముందైనా వేసుకోవచ్చు. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, మట్టల ఆదివారం మార్చి 29. నలభై రోజుల శ్రమకాలం ప్రారంభమయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18. ఆనందపేట సోదరుడు ఒప్పుకుంటే ఒక మాట చేర్చుతాను: రంజాన్ ఉపవాసాలు కూడా 2026లో ఆ రోజునో మరునాడో మొదలుకావాలి. అంటే మీ భవనంలో శివరాత్రి ఉపవాసం ముగిసిన రెండు మూడు రోజులకే పద్నాలుగు కుటుంబాలు ఉపవాసంలోకి వెళతాయి. మీరు విందు పెట్టదలిస్తే ఆ నెలను వదిలేయండి.

గుడ్ ఫ్రైడేకు కూడా శుభాకాంక్షలు రాయవద్దని నా మనవి. మొహర్రం గురించి సోదరుడు చెప్పిన కారణమే దీనికీ వర్తిస్తుంది.

సమాధానం 6: బ్రాడీపేట తెలుగు ఉపాధ్యాయిని, గుంటూరు

జాతీయ పండుగల గురించి ఎవరూ రాయలేదు, వాటి తేదీలకు చిక్కు లేదు కాబట్టి కావచ్చు. కానీ వాటికీ కథలున్నాయి, పిల్లలకు అవి చెప్పాలి. రాజ్యాంగాన్ని 1949 నవంబరు 26న ఆమోదించినా, అమలులోకి తీసుకురావడానికి 1950 జనవరి 26 వరకు ఆగారు. 1930లో అదే జనవరి 26ను పూర్ణ స్వరాజ్య దినంగా దేశమంతటా జరుపుకున్నారు, ఆ జ్ఞాపకాన్ని నిలపాలన్నదే ఉద్దేశం. ఇక జెండా సంగతి మన ఊరిదే. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెసు సమావేశాల సందర్భంగా, భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు తాను రూపొందించిన జెండాను గాంధీజీకి అందించారు. మీ భవనం మీద ఆగస్టు 15న జెండా ఎగురుతున్నప్పుడు, దాని తొలి రూపం ఈ ఊళ్లోనే చేతులు మారిందని పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా? నేను అడిగిన తరగతుల్లో నలుగురైదుగురికి మించి తెలియదు.

భారత ప్రభుత్వానికి కూడా ఒక జాతీయ పంచాంగం ఉన్నది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసు మేరకు 1957 మార్చి 22 నుంచి శక సంవత్సర క్యాలెండరు అమలులోకి వచ్చింది. అందులో చైత్రం ప్రతి ఏటా మార్చి 22న, లీపు సంవత్సరంలో మార్చి 21న మొదలవుతుంది. దేశానికంతటికీ ఒకే లెక్క ఉండాలని ఆ పెద్దలు ఆశించారు. ప్రజలు మాత్రం ఎవరి పంచాంగాన్ని వారే ఉంచుకున్నారు.

పట్టికలో ఆగస్టు 29ను మరువకండి. గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. జ్యేష్ఠ పౌర్ణమి నాటి ఏరువాకను కూడా చేర్చండి. అధిక జ్యేష్ఠంలోని పౌర్ణమిని కాక నిజ జ్యేష్ఠంలోని పౌర్ణమినే తీసుకోవాలి; 2026లో అది జూన్ 29. అపార్ట్‌మెంటులో అరక కట్టేవారు ఎవరూ ఉండరు. అయినా మనం తినే బియ్యం దుక్కి దున్నే ఆ రోజుతోనే మొదలవుతుంది.

మొగల్రాజపురం కార్యదర్శి

పట్టిక సిద్ధమైంది. ఈసారి తేదీ పక్కన మరొక గడి పెట్టాను: ఆ తేదీకి ఆధారం ఏమిటన్నది అందులో ఒక్క వాక్యంలో రాశాను. ఉగాది ఎదురుగా పాడ్యమి క్షయం సంగతి, దీపావళి ఎదురుగా సూర్యాస్తమయానికి అమావాస్య అన్న మాట ఉన్నాయి. రంజాన్ ఎదురుగా రెండు తేదీలు వేసి, ముందు రాత్రి రెండో అంతస్తు నుంచి కబురు వచ్చాకే ఖరారు అని రాశాను. మొహర్రం, గుడ్ ఫ్రైడేల ఎదురుగా శుభాకాంక్షలు తీసేశాను. శాకంబరి, గుణదల, ఏరువాక చేరాయి. పట్టిక అచ్చుకు ఇచ్చే ముందు ప్రతి కుటుంబానికీ చూపించి వచ్చాను.

ఆ తిరగడంలోనే నాకు తెలియని రెండు సంగతులు బయటపడ్డాయి. జైన కుటుంబాల వారికి దీపావళి మహావీరుని నిర్వాణ దినమట. వారికి అది వెలుగుతో పాటు ప్రార్థన రోజు. మహావీర్ జయంతి మార్చి 31న వస్తుందని వారే చెప్పి రాయించారు. ఇక నాలుగో అంతస్తులోని సిక్కు కుటుంబం పెద్దావిడ గురునానక్ జయంతి ఎదురుగా నవంబరు 24 అన్న తేదీ చూసి, ఆ రోజు మా భవనంలోని మహిళలు ఏమి చేస్తారని అడిగారు. అది కార్తిక పౌర్ణమి కాబట్టి తెల్లవారుజామునే కృష్ణలో దీపాలు వదలడానికి ఘాట్‌కు వెళతారని చెప్పాను. తమ ఇంట్లోనూ ఆ రోజు తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేస్తామని, ఈసారి తానూ వారితో కలిసి ఘాట్‌కు వస్తానని, తిరిగి వచ్చాక అందరికీ తన ఇంట్లో కడా ప్రసాదం పెడతానని ఆమె అన్నారు. నవంబరు 24కు హాలు అవసరం లేదని పట్టికలో రాసుకున్నాను.